యతి దగ్గర ఆగిన గొంతు

మా ఆదోని, ఎమ్మిగనూరు వైపు గురువారం పొద్దున్నే ఏ ఊళ్ళో బస్సు దిగినా ఒక స్తోత్రం చెవిన పడుతుంది. గుడి మైకులోంచో, కిరాణా అంగట్లోంచో, మంత్రాలయం పోయే జీపులోంచో. అది అప్పణాచార్యులు సంస్కృతంలో రాసిన శ్రీ రాఘవేంద్ర స్తోత్రం. అర్థం తెలిసీ తెలియకా కంఠతా పట్టినవాళ్ళు మా వైపు ఇంటికొకరు ఉంటారు. జ్వరం వస్తే చదువుతారు, పరీక్షలొస్తే చదువుతారు, కోర్టులో వాయిదా ఉంటే చదువుతారు. దాన్ని ఒక కావ్యంగా, ఒక మనిషి ఇంకో మనిషి గురించి రాసిన మాటగా చదివినవాళ్ళు మాత్రం నాకు పెద్దగా తగల్లేదు. విమర్శకులు స్తోత్రాల జోలికి పోరు, భక్తులకు విమర్శతో పనిలేదు. ఈ రెంటి మధ్యన పడి మూడున్నర శతాబ్దాలుగా ఈ రచన చదవబడకుండానే పఠించబడుతూ ఉంది.

నా ఉద్దేశంలో ఇది పోయిన స్నేహితుడి గురించిన పద్యం. ఆ స్నేహితుడు గురువు కూడా కావడంతో స్నేహం గురించి ఒక్క మాటా చెప్పుకోలేని ఇరకాటంలో పుట్టిన పద్యం. పద్యం దాచుకున్నదాన్ని, దాని చుట్టూ అల్లుకున్న కథ బయటపెట్టింది. పద్యాన్నీ కథనూ కలిపి చదివితేనే ఆ దుఃఖం మనకు అందుతుంది.

ముందు మనుషుల గురించి. రాఘవేంద్రతీర్థుల పూర్వాశ్రమ నామం వేంకటనాథుడు. పుట్టింది తమిళదేశంలో భువనగిరిలో, 16వ శతాబ్దం చివర్లో. సుధీంద్రతీర్థుల దగ్గర సన్యాసం తీసుకుని కుంభకోణం మఠానికి అధిపతి అయ్యారు. జయతీర్థుల న్యాయసుధకు ఆయన రాసిన వ్యాఖ్య ‘పరిమళ’ వల్ల పండితులు ఆయన్ను పరిమళాచార్యులని కూడా అంటారు. సంచారాల తర్వాత తుంగభద్ర తీరానికి వచ్చారు. ఆదోని పాలకుడు సిద్ది మసూద్ ఖాన్ ఇచ్చిన మంచాల గ్రామంలో 1671లో, విరోధికృతు నామ సంవత్సరం శ్రావణ బహుళ విదియ నాడు, బృందావన ప్రవేశం చేశారు. ఆ మంచాలే ఇవాళ్టి మంత్రాలయం. మావాళ్ళు ఆయన్ను పేరుతో పిలవరు, ‘రాయరు’ అంటారు.

అప్పణాచార్యులది ఏటి అవతలి ఊరు, బిచ్చాలి. ఇప్పుడు అది కర్ణాటకలో, రాయచూరు జిల్లాలో ఉంది. మన పక్క ఆదోని ప్రాంతం 1953 దాకా బళ్ళారి జిల్లాలో ఉండి ఆంధ్రలోకి వచ్చింది. రాయచూరు 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో ఉండి అటు పోయింది. పద్యం పుట్టిన కాలానికి ఈ గీతలేవీ లేవు, మధ్యలో ఉన్నది ఏరు ఒక్కటే. అప్పణాచార్యులు అక్కడ రావిచెట్టు కింద పిల్లలకు చదువు చెప్పేవారు. పిల్లలు భిక్షగా తెచ్చిన బియ్యాన్ని గుడ్డలో మూటగట్టి చెట్టుకు వేలాడదీసి మంత్రం చెబితే అన్నం ఉడికేదని స్థలపురాణం. రాయరు బిచ్చాలిలో అప్పణాచార్యుల దగ్గర పన్నెండు పదమూడేళ్ళు ఉన్నారని సంప్రదాయం చెబుతుంది. బిచ్చాలి పోతే ఆయన జపం చేసుకున్న కట్ట చూపిస్తారు, ఆయనకు పచ్చడి నూరిన రోలు చూపిస్తారు. నాకు ఆ రోలు ముఖ్యం. మహిమలు ఎక్కడైనా జరుగుతాయి. ఫలానా పచ్చడి ఆయనకు ఇష్టమని తెలియాలంటే మాత్రం ఒక ఇంట్లో చాలాకాలం ఉండాలి. పీఠాధిపతికి శిష్యులు వందలమంది ఉండవచ్చు. పచ్చడి రుచి తెలిసినవాడిని మన భాషలో స్నేహితుడనే అంటాం.

ఇక కథ. రాయరు బృందావనంలోకి వెళ్ళే రోజు దగ్గరపడింది. అప్పణాచార్యులు ఎదురుగా ఉంటే ఆ ఎడబాటు తట్టుకోలేడని, అడ్డుపడతాడని, ఆయన్ను ముందే యాత్రకు పంపించేశారు. తిరిగొచ్చేసరికి కబురు తెలిసింది. శ్రావణమాసం, తుంగభద్ర నిండుగా పారుతోంది. మా వైపువాళ్ళకు ఈ మాట వివరించి చెప్పక్కర్లేదు. 2009 అక్టోబరులో ఆ ఏరు మంత్రాలయాన్నే ముంచేసింది, గుడీ సత్రాలూ నీళ్ళలో ఉండిపోయాయి. అలాంటి ఏటిలో ఏ మనిషీ పుట్టి వేయడు. అప్పణాచార్యులు స్తోత్రం కడుతూ, చదువుతూ ఏటిలోకి దిగారు. నీళ్ళు దారిచ్చాయి. ఒడ్డెక్కి బృందావనం దగ్గరికి చేరేసరికి చివరి బండ కూడా పెట్టేశారు. గొంతు పూడుకుపోయింది. చివరి శ్లోకం చివరి పాదం సగంలో ఆగిపోయింది. అప్పుడు బండల వెనక నుంచి రాయరి గొంతు వినిపించి మిగిలిన ఏడు అక్షరాలూ పూర్తిచేసింది. ఈ చెప్పినదానికి హయగ్రీవుడు సాక్షి అన్నది ఆ ఏడక్షరాల భావం.

ఈ కథ తెలియని భక్తుడు ఉండడు. పద్యంలోకి దిగి చూస్తే మాత్రం ఈ కథలోది ఒక్క ముక్కా కనిపించదు. బిచ్చాలి లేదు. రావిచెట్టు లేదు. కలిసి తిన్న అన్నం లేదు, చెప్పుకున్న మాట లేదు. యాత్రకు పంపించి తను వెళ్ళిపోయిన మనిషి మీద ఫిర్యాదు లేదు. ‘స్నేహితుడు’ అన్న మాట మొత్తం స్తోత్రంలో ఎక్కడా లేదు. రాఘవేంద్రులు నా భయం పోగొట్టే గురువు కావాలి అని ఒకచోట అడుగుతాడు, అంతే. పన్నెండేళ్ళు ఇంట్లో ఉన్న మనిషి గురించి, ఏ దూరదేశపు భక్తుడైనా రాయగలిగినంతే రాశాడు.

ఎందుకిలా అంటే, ఒక కారణం వాళ్ళు నమ్మిన సిద్ధాంతంలోనే ఉంది. మాధ్వమతం తారతమ్యాన్ని ఒప్పుకుంటుంది. జీవుడు వేరు, దేవుడు వేరు. జీవుల్లోనూ ఎక్కువ తక్కువలు ఉన్నాయి, అవి మాయ కాదు, నిజం. అప్పణాచార్యులు ఈ సిద్ధాంతాన్ని స్తోత్రం మొదట్లోనే ప్రతిపాదిస్తాడు. అటువంటి చూపులో గురువును స్నేహితుడా అని పిలవడం చనువు కాదు, అబద్ధం అవుతుంది. స్నేహానికి సాటి కావాలి. సాటి లేదని నమ్మినవాడు స్నేహాన్ని ఎక్కడ పెట్టుకుంటాడు? పద్యం బయట పెట్టుకుంటాడు. రోలు దగ్గర, చెట్టు దగ్గర, ఏటి ఒడ్డున.

అయితే పద్యం పూర్తిగా మూగది కాదు. జాగ్రత్తగా వింటే మొదటి నుంచి చివరిదాకా నీళ్ళ చప్పుడు వినిపిస్తుంది. మొదటి రెండు వసంతతిలకాలూ కలిసి ఒకే రూపకం: రాఘవేంద్రుల వాక్కు ఒక నది. అది మధ్వాచార్యుల శాస్త్రమనే సముద్రంలో కలుస్తుంది. దానికి అలలున్నాయి, ఆ అలల మీద హంసలున్నాయి. తత్త్వ సిద్ధాంతాలు ఆ నదిలో మొసళ్ళు. భేదం, జగత్తు సత్యమన్న మాట, ఎక్కువ తక్కువల మాట, ఇవన్నీ మొసళ్ళే. దుర్వాదులనే మేకల్ని అవి మింగేస్తాయి. సిద్ధాంతాన్ని మొసళ్ళతో పోల్చడం నాకు చాలా ఇష్టమైన సంగతి. తుంగభద్రలో మొసళ్ళను ఎరిగినవాడి పోలిక అది. ఆ తర్వాత గురువు ఉపద్రవాల సముద్రానికి వంతెన అవుతాడు. ఆయన పాదోదకం గంగ మొదలైన నదులతో పోలుతుంది. బృందావనం మీదుగా వచ్చిన నీళ్ళు తల మీద చల్లుకుంటాడు. చివరికి వచ్చేసరికి ఒక భయంకరమైన శార్దూలం: సంసారం అంతులేని సముద్రం, లోతు తెలియదు, దాటడం అయ్యే పని కాదు, భయాలన్నీ నురగలు కట్టి ఉన్నాయి. అందులో నేను మునిగిపోయాను, గురువా, పైకి తియ్యి అని కేక.

మొదట పవిత్రం చేసే నది, చివర ముంచే సముద్రం. సంసారసాగరమన్నది మన సంస్కృత స్తోత్రాల్లో అరిగిపోయిన పోలిక, నిజమే. కానీ అరిగిపోయిన పోలిక కూడా వరుసలో ఎక్కడ పడిందన్నదాన్ని బట్టి బరువెక్కుతుంది. ఇక్కడ నీళ్ళు క్రమంగా లోతవుతున్నాయి. ఏటిలోకి దిగిన మనిషికి మొదట కాళ్ళకు చల్లగా తగిలిన నీళ్ళు తర్వాత గొంతుదాకా వచ్చినట్టు.

ఇంకొకటి సర్వనామాల సంగతి. స్తోత్రం చాలా దూరం ‘ఆయన’ అనే సాగుతుంది. ఆయన కాపాడుగాక, ఆయన ఇచ్చుగాక, ఆయనను మించినవాడు లేడు. సభలో పీఠాధిపతి గురించి మాట్లాడుతున్న పండితుడి గొంతు అది. బృందావనం చుట్టూ ప్రదక్షిణ చేస్తున్నాను అనే చోటికి వచ్చేసరికి ‘ఆయన’ కాస్తా ‘నీ’ అవుతుంది. నీ చుట్టూ తిరుగుతున్నాను, నీ పేరు పాడుతున్నాను. ఆ తర్వాతే పైన చెప్పిన మునక, ‘గురువా’ అన్న పిలుపు. పోయినవాళ్ళ గురించి మాట్లాడేటప్పుడు మనందరికీ జరిగేది ఇదే. వచ్చినవాళ్ళకు ‘ఆయన ఎంత మంచివాడో’ అని సర్దుకుని చెబుతూ చెబుతూ, ఉన్నట్టుండి ‘ఎంత పని చేస్తివి’ అని ఆ మనిషితోనే మాట్లాడేస్తాం. మా వైపు చావు ఇంట్లో ఆడవాళ్ళు పాడే ఏడుపుల్లో ఈ మలుపు ప్రతిసారీ ఉంటుంది. సంస్కృత పండితుడి స్తోత్రంలో కూడా అదే మలుపు, అదే చోట.

బలహీనతలు లేవని కాదు. స్తోత్రంలో పెద్ద భాగం ఫలశ్రుతి. చదివితే కుష్టు తగ్గుతుంది, గుడ్డివాడికి చూపు వస్తుంది, మూగవాడు మాటకారి అవుతాడు, కుంటివాడు నడుస్తాడు, సంతానం కలుగుతుంది, దయ్యాలు పారిపోతాయి, రాజులూ దొంగలూ పులులూ పాములూ మొసళ్ళూ ఏమీ చేయలేవు. గ్రహణం నాడు ఎన్నిసార్లు చదవాలో లెక్క కూడా ఉంది. కవిత్వంగా చూస్తే ఇది పలచన. ఒక చరణాన్ని పైకీ కిందికీ మార్చినా తేడా రాదు. జనం పట్టుకున్నది మాత్రం సరిగ్గా ఈ భాగాన్నే. మంత్రాలయం అంగళ్ళలో అమ్మే చిన్న పుస్తకాల్లో ఇదే ముందుంటుంది.

అయినా ఆ పట్టికను నేను కొట్టిపారేయలేను. అందులో ఏముందో చూస్తే ఏం లేదో తెలుస్తుంది. లోకంలో ఉన్న కోరికలన్నీ ఉన్నాయి, అందరి తరపునా ఉన్నాయి. ఆయన తిరిగి రావాలన్న కోరిక ఒక్కటి లేదు. అది అడగకూడదని తెలిసినవాడు మిగిలినవన్నీ అడుగుతున్నాడు, అదీ పరాయివాళ్ళ కోసం. ఇంకో సంగతి. గురువు దయవల్ల పోయే జబ్బుల్లో అజ్ఞానం, మరుపు, సందేహం, వణుకు, వీటితోపాటు మాట తడబడటం కూడా ఉంది. మూగవాడికి మాట రావడం సరేసరి. మాట గురించి ఇంతగా హామీ ఇచ్చిన స్తోత్రం, మాట ఆగిపోయి ముగుస్తుంది.

ఆ ఆగిన చోటు దగ్గరికి వద్దాం. చివరి శ్లోకం శార్దూలవిక్రీడితం. గురువు పాదాలు తలచుకుంటూ ఈ స్తోత్రం చదివేవాడికి దుఃఖమనేది కొంచెం కూడా ఉండదు అంటుంది. పైగా కోరికలు నెరవేరుతాయి, దిక్కుల్లో కీర్తి, సాటిలేని సంపద. తెలుగు పద్యం చదువుకున్నవాళ్ళకు శార్దూలం కొత్త కాదు. మ-స-జ-స-త-త-గ, పాదానికి పంతొమ్మిది అక్షరాలు, పదమూడో అక్షరం యతిస్థానం. సంస్కృతంలో మనలాగా యతిమైత్రి అక్కర్లేదు, పన్నెండు అక్షరాల తర్వాత ఊపిరి తీసుకునే విరామం ఉంటే చాలు. పన్నెండు పోతే మిగిలేవి ఏడు. కథ ప్రకారం బృందావనం లోపలి నుంచి వచ్చినవి ఎన్ని? ఏడు. అప్పణాచార్యుల గొంతు ఎక్కడో ఒకచోట ఆగలేదు, సరిగ్గా యతి దగ్గర ఆగింది. ఊపిరి తీసుకోవలసిన చోట ఊపిరి అందలేదు. ఆ చోటు నుంచి ఇంకో యతి అందుకున్నాడు. మన భాషలో సన్యాసికీ పద్యంలోని విరామానికీ ఒకటే మాట ఉండటం యాదృచ్ఛికం కావచ్చు. ఈ పద్యం దగ్గర మాత్రం ఆ రెండు అర్థాలూ ఒకచోట నిలబడ్డాయి.

దుఃఖం కొంచెం కూడా ఉండదని చెప్పింది ఏ శ్లోకంలోనో, దుఃఖంతో గొంతు పూడుకుపోయింది కూడా ఆ శ్లోకంలోనే. ఈ ఎదురుచుక్కను స్తోత్రం తనంతట తాను చూపించదు. శ్లోకం అచ్చులో నిండుగా, పంతొమ్మిది అక్షరాలతో, ఏ పగులూ లేకుండా ఉంటుంది. పగులు చూపించింది కథ.

ఇక్కడ ఒక ఆక్షేపణ రాకమానదు. శ్లోకం మొదటి నుంచీ పూర్తిగానే ఉండి ఉంటుంది, అందుకే ఛందస్సు అంత బాగా సరిపోయింది, కథ తర్వాత కట్టింది కదా అని. పైగా ఏటిలో ఉండగానే కట్టిన పద్యంలో బృందావన ప్రదక్షిణ, బృందావనం దగ్గర దీపం పెట్టడం, గ్రహణకాలపు పారాయణ ఎలా వచ్చాయి? ఇవన్నీ ఆరాధన స్థిరపడ్డాక పుట్టే మాటల్లా లేవా? ఈ ప్రశ్నలు సబబైనవే. భక్తుడు అది త్రికాలజ్ఞానం అంటాడు. చరిత్రకారుడు కథను పక్కన పెడతాడు. నేను ఈ ఇద్దరితోనూ పోట్లాడను. కథ కట్టినదే అనుకుందాం. కట్టింది ఎవరు? మొదటి రెండు శ్లోకాల్లో నది ఉందని గమనించినవాడు. చివర్లో మునిగిపోతున్న మనిషిని చూసినవాడు. మూగతనం పోతుందన్న హామీనీ, దుఃఖం ఉండదన్న హామీనీ విని, ఇంత గట్టిగా చెబుతున్నాడంటే ఇతనికి ఏదో అయిందని అనుమానించినవాడు. శార్దూలంలో ఊపిరి ఎక్కడ ఆగుతుందో చెవితో తెలిసినవాడు. ఇన్ని తెలిసినవాడిని ఏమంటాం? ఈ స్తోత్రానికి మొదటి విమర్శకుడు అతడే. వ్యాసం రాయకుండా కథ చెప్పాడు. మంచి విమర్శ చేయవలసిన పని, పద్యం మింగిన మాటను పద్యానికి అన్యాయం జరగకుండా బయటికి తీయడం, ఆ కథ చేసింది.

రాయరి జీవితం చుట్టూ ఇలాంటిదే ఇంకో కథ ఉంది. వేంకటనాథుడు సన్యాసం తీసుకుంటున్నాడని విని ఆయన భార్య సరస్వతి చివరిసారి చూద్దామని పరుగున వెళుతూ దారిలో బావిలో పడి పోయిందంటారు. ప్రేతమై మఠానికి వచ్చిన ఆమె మీద ఆయన కమండలంలోని నీళ్ళు చల్లి విముక్తి ఇచ్చారంటారు. రెండు కథలూ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ఇద్దరూ బాగా దగ్గరివాళ్ళు, ఇద్దరూ ఆలస్యంగా చేరారు, ఇద్దరికీ మధ్యలో నీళ్ళు. ఒక మనిషి అందరివాడు అయ్యే రోజున అతని సొంతవాళ్ళకు ఏమవుతుందన్న ప్రశ్నను జనం మరిచిపోలేదు. పీఠం చరిత్రలో చోటు దొరకని ఆ ప్రశ్నను కథల్లో దాచిపెట్టుకున్నారు. సరస్వతికి విముక్తి దొరికింది కానీ మాట దొరకలేదు. అప్పణాచార్యులకు మాట దొరికింది, అదీ సొంతమాట కాదు, స్నేహితుడు అందించిన మాట.

ఏమని అందించాడు? ‘నేను ఇక్కడే ఉన్నాను’ అనలేదు. ‘ఏడవకు’ అనలేదు. సాక్షి ఉన్నాడు అన్నాడు. ఈ మాట ఎంపిక చూడండి. పల్లెల్లో అప్పునోటు రాసేటప్పుడు రాసినవాడి చేవ్రాలు ఒక్కటే చాలదు, పక్కన సాక్షి పెట్టాలి. అప్పణాచార్యులు రాసింది పెద్ద హామీపత్రం. ఇన్ని రోగాలు, ఇన్ని కోరికలు, దుఃఖం అసలు ఉండకపోవడం. రాసినవాడే ఏడుస్తుంటే ఆ పత్రం ఎవరు నమ్ముతారు? చేతులు వణికి కింద సంతకం పెట్టలేకపోతున్న స్నేహితుడి పత్రం మీద సాక్షిని పెట్టించాడు రాయరు. తనను పెట్టుకోలేదు, దేవుణ్ణి పెట్టాడు. పద్యంలో మిగిలినచోట్లన్నిటా ఆయన గురువు, వంతెన, కల్పవృక్షం. ఆ ఏడు అక్షరాల్లో మాత్రం స్నేహితుడి పద్యం పూరించిన కవి. పండితుల మధ్య సమస్యాపూరణం ఒక ఆట. ఒకడు వదిలిన పాదాన్ని ఇంకొకడు అందుకుంటాడు, అది సాటివాళ్ళ మధ్యే సాగుతుంది. తారతమ్యం ఒప్పుకున్న సిద్ధాంతంలో సాటిరాని స్నేహం ఛందస్సులో సాటి వచ్చింది.

దేవుణ్ణి సాక్షిగా పెట్టుకోవడం మా వైపు బతుకులో ఉన్న విషయమే. హొళగుంద మండలం దేవరగట్టులో విజయదశమి రాత్రి మాళమ్మ మల్లేశ్వరస్వాముల బన్ని ఉత్సవం జరుగుతుంది. దానికి ముందు నెరణికి, నెరణికి తండా, కొత్తపేట ఊళ్ళవాళ్ళు పాలు ముట్టుకుని ప్రమాణం చేస్తారు. మన మధ్య కక్షల్లేవు, ఉత్సవం అయ్యేదాకా ఒక్కటిగా ఉంటామని. దాన్ని పాలబాస అంటారు. ఆ తర్వాత కొండ మీద కళ్యాణం, దివిటీల వెలుగులో ఊరేగింపు. ఉత్సవమూర్తులు మావంటే మావని రెండు పక్కల ఊళ్ళవాళ్ళూ కర్రలతో కలబడతారు. ఏటా తలలు పగులుతాయి, ఏటా పోలీసులు వస్తారు. నాకు ఇందులో రెండు భక్తులు కనిపిస్తాయి. పాలబాసలో దేవుడు సాక్షి. కర్రల దగ్గర దేవుడు సొత్తు. ఒకే రాత్రి, అవే ఊళ్ళు, ఆ మనుషులే.

పోయిన గురువుల గురించి మన దగ్గర వచ్చే రచనలు ఎక్కువభాగం కర్రల పక్షానే ఉంటాయి. ఆయన నాతో అన్నాడు, నా కలలోకి వచ్చాడు, నా చెయ్యి పట్టుకున్నాడు, నాకే ఇచ్చాడు. చనువును సొత్తుగా మార్చే రాతలు అవి. చనువు గురించి రాయకూడదని కాదు. రమణాశ్రమం నుంచి సూరి నాగమ్మ 1945 నుంచి అన్నగారికి రాసిన లేఖల్లో రోజువారీ సంగతులన్నీ ఉంటాయి. ఎవరు వచ్చారు, మహర్షి ఏమన్నారు, ఎందుకు నవ్వారు. ఆవిడ తన్ను తాను చూసిన మనిషిగా మాత్రమే ఉంచుకుంది, అందుకే అవి నిలబడ్డాయి. అది కూడా సాక్ష్యమే, ఇంకో పద్ధతిలో. దూరదేశంలో రూమీ తన మిత్రుడూ గురువూ అయిన షమ్స్ కనిపించకుండా పోయాక గజళ్ళు రాసి, చివర తన పేరు బదులు షమ్స్ పేరు పెట్టాడు. ఒక పుస్తకానికి పుస్తకమే స్నేహితుడి పేరున వెలసింది. రూమీ తన సంతకం ఇచ్చేశాడు. అప్పణాచార్యులు సంతకం దగ్గరికి వచ్చి ఆగిపోతే అవతలివాడే వచ్చి పూరించాడు. నాగమ్మ అన్నీ చెప్పింది, అప్పణాచార్యులు ఏమీ చెప్పలేదు. సొంతం చేసుకోకపోవడం ముగ్గురిలోనూ ఉంది.

నేను ఈ పద్యాన్ని ఇంత పట్టుకుని చదవడానికి కారణం ఉంది. ఎమ్మిగనూరులో నాకంటే నాలుగేళ్ళు పెద్దవాడైన ఒక మిత్రుడు ఉండేవాడు, మగ్గాల ఇంటివాడు. మొదట పుస్తకాల స్నేహం. తర్వాత తర్వాత ఏదైనా కష్టం వస్తే అందరం ఆయన దగ్గరికే పోయేవాళ్ళం. ఆయన ఏమీ బోధించలేదు, వినేవాడు. పోయాక మావాళ్ళు తెచ్చిన జ్ఞాపకాల సంచికలో ఇరవై మంది రాశారు. ఇరవైలోనూ ఆయన మహానుభావుడే. బీడీ కాల్చేవాడని, పేకాటలో ఓడిపోతే పిల్లాడిలా అలిగేవాడని ఒక్కరూ రాయలేదు. వాళ్ళు అబద్ధం చెప్పలేదు. ఆయన వాళ్ళను నిజంగానే నిలబెట్టాడు, ఆ రుణానికి మరో భాష దొరకలేదు. సంచిక చదివిన రాత్రి నాకు ఆయన ఇంకోసారి పోయినట్టనిపించింది. బిచ్చాలిలో రోలును ఎందుకు దాచారో అప్పుడు అర్థమైంది. సంచికలు పట్టించుకోనిదాన్ని ఊరు దాచుకుంటుంది.

అలాగని స్తోత్రం బదులు జ్ఞాపకాలు రాసి ఉంటే బాగుండేదని నేను అనను. అప్పణాచార్యులు పచ్చడి గురించీ రావిచెట్టు గురించీ రాసి ఉంటే అది పండితులకు పనికొచ్చే గ్రంథమయ్యేది. మిరప చేలో కూలికి పోయే ఆడమనిషి నోట్లో ఉండేది కాదు. తన దుఃఖంలోంచి తనను తీసేసుకున్నాడు కాబట్టే అందులో ఎవరి దుఃఖమైనా పడుతుంది. మునిగిపోతున్నాను, పైకి తియ్యి అన్న కేకలో తుంగభద్ర పేరు లేదు కాబట్టి అప్పుల్లో మునిగినవాడు కూడా ఆ కేక పెట్టగలడు. నష్టం ఆయన పెట్టుకున్నాడు, లాభం మనకు వదిలాడు.

కాకపోతే ఇప్పుడు క్యాసెట్ల కాలం నుంచి ఫోన్ల కాలం దాకా ఈ స్తోత్రాన్ని పాడే తీరులో ఒక లోపం ఉంది. చివరి పాదాన్ని ఒకే ఊపులో, తబలా మీద, పంతొమ్మిది అక్షరాలూ కలిపి లాగేస్తారు. కథ అందరికీ తెలుసు, గొంతులో మాత్రం ఎవరికీ పలకదు. అక్కడ పాడవలసింది ఇద్దరు. ఒకరు పన్నెండు అక్షరాలు చెప్పి ఆగాలి. ఆ ఆగినప్పుడు తబలా కూడా ఆగాలి. తర్వాత ఇంకొక గొంతు, వెనక నుంచి, మిగిలిన ఏడూ చెప్పాలి. పాడేవాళ్ళు ఎవరైనా ఒకసారి అలా పాడి చూస్తే బాగుంటుంది.